సరిహద్దు మీద కమిటీ వేసేవాళ్ళు ముందు చదవాల్సిన పుస్తకం

మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. మిలిటరీ మాధవరం అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. నేను హవల్దారుగా రిటైరయ్యాను. సరిహద్దులో ఏం జరిగినా "నిపుణుల కమిటీ వెయ్యాలి" అంటూ టీవీలో చర్చలు మొదలవుతాయి. అందులో ఎవరుండాలి, వాళ్ళకి ఏ ఫైళ్ళు చూపించాలి అన్నదాకా ఎవరూ రారు. అది తెలియాలంటే కార్గిల్ రివ్యూ కమిటీ నివేదిక చదవాలి. 'ఫ్రమ్ సర్‌ప్రైజ్ టు రెకనింగ్' పేరుతో 2000లో సేజ్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు దాన్ని పుస్తకంగా వేశారు.

కార్గిల్ యుద్ధం ముగిసిన మూడో రోజునే, 1999 జులై 29న, వాజ్‌పేయి ప్రభుత్వం ఈ కమిటీని వేసింది. అధ్యక్షుడు రక్షణ వ్యవహారాల నిపుణుడు కె.సుబ్రహ్మణ్యం. ఆయనతోపాటు లెఫ్టినెంట్ జనరల్ కె.కె.హజారీ, పత్రికా రంగం నుంచి బి.జి.వర్గీస్, సభ్య కార్యదర్శిగా సతీష్ చంద్ర. మొత్తం నలుగురే. చొరబాటుకి ముందు ఏం జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చెయ్యాలి అన్నవే వాళ్ళకి అప్పగించిన పనులు. డిసెంబరుకల్లా రాసి ఇచ్చేశారు, ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. ఎవర్నీ బలవంతంగా పిలిపించే అధికారం లేకపోయినా రహస్య కాగితాలు చూడనిచ్చారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇదే. కాగితాలు దాచిపెట్టి ఎంత పెద్దవాళ్ళతో కమిటీ వేసినా దండగ.

నేను ఆగి ఆగి చదివింది సియాచిన్ ప్రస్తావన. ఏడాదంతా మన సైన్యం కాపలా కాసే మంచు కొండల ప్రాంతం అది. చలికాలంలో పోస్టుల మధ్య ఖాళీలుండబట్టే శత్రువు వచ్చి కూర్చున్నాడు కదా, అయితే ప్రతి శిఖరం మీదా ఏడాది పొడుగునా జవాన్లని నిలబెట్టాలా? అక్కర్లేదంటుంది కమిటీ. కార్గిల్‌ని ఇంకో సియాచిన్ చెయ్యొద్దు, నియంత్రణ రేఖ దాటితే గట్టిగా దెబ్బ కొడతామని ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి అంటుంది. మంచులో పోస్టు కాసినవాడిగా ఆ మాట విలువ నాకు తెలుసు. తాగే నీళ్ళకి కూడా బుఖారీ (కిరోసిన్ పొయ్యి) మీద మంచు కరిగించుకోవాలి. ఆ బుఖారీకి కావాల్సిన కిరోసిన్ ఎవరో ఒకరు వీపు మీద మోసుకుని పైకి తేవాలి. ఒక్క పోస్టు పెంచితే కింద ఎంతమంది కదలాలో లెక్క తెలిసినవాళ్ళే అలా రాయగలరు.

సైన్యం వయసు తగ్గాలని, 17 ఏళ్ళ సర్వీసుని ఏడు నుంచి పదేళ్ళకి కుదించాలని కూడా రాశారు. కాకపోతే ఆ తర్వాత జవానుని పారామిలిటరీ లాంటి చోట్లకి పంపాలన్నారు. జవాన్లని నాలుగేళ్ళకే తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక ఈ భాగం మళ్ళీ తీసి చదివాను. మొదటి సగం ఒక్కటే పట్టుకుని రెండో సగం వదిలేస్తే కుర్రాళ్ళకి అన్యాయం జరుగుతుంది.

లోపాలూ ఉన్నాయి. భద్రత పేరుతో కొన్ని భాగాలు తీసేశారు, చదువుతుంటే మధ్యలో తెగిపోతుంది. తప్పు ఎవరిదో తేల్చలేదు. ఆ తర్వాత మంత్రుల బృందం వేసి, సరిహద్దు నిర్వహణ మీద మాజీ హోం కార్యదర్శి మాధవ్ గాడ్బోలే ఆధ్వర్యంలో విడిగా టాస్క్‌ఫోర్స్ పెట్టారు. ఒక సరిహద్దుకి ఒకే దళం అన్న పద్ధతి అలా వచ్చింది. 2004లో చైనా సరిహద్దు అంతా ఐటీబీపీ (ఇండో-టిబెటన్ బోర్డర్ పోలీస్) చేతికొచ్చింది. త్రివిధ దళాలకి ఒక అధిపతి ఉండాలని 2001లో మంత్రుల బృందం చెబితే, ఆ పదవిలోకి మనిషి వచ్చింది 2020లో!

నాకున్న పెద్ద అసంతృప్తి వేరే. 1999 మే మొదట్లో చొరబాటుదారుల్ని ముందు చూసి చెప్పింది కార్గిల్ దగ్గరి బటాలిక్ వైపు పశువుల కాపరులు. ఆ కొండలు వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. ఇకముందు ఏ సరిహద్దు కమిటీ వేసినా అక్కడి ఊరి మనిషి ఒకరు, ఫార్వర్డ్ పోస్టులో చేసిన సుబేదారు ఒకరు సభ్యులుగా ఉండాలి. పిలిచి వాంగ్మూలం తీసుకుంటే చాలదు, సంతకం పెట్టే చోట వాళ్ళ పేరుండాలి.

ఇంగ్లీషు కాస్త బరువుగానే ఉంటుంది. చివర్లో ఉన్న సిఫార్సులు ముందు చదివి, తర్వాత మొదటికి రండి. కార్గిల్, ద్రాస్, బటాలిక్ కనపడే మ్యాపు ఒకటి పక్కన పెట్టుకోండి. తెలుగులో ఎవరైనా వేస్తానంటే మా ఊళ్ళో మాజీ సైనికులందరి చేతా కొనిపించే పూచీ నాది.