60కి దిగాలా, 65లో ఆడాలా: ఏది మేలు?

విజయవాడలోనైనా గుంటూరులోనైనా మామూలు రోజుల్లో 63.5 కేజీలు తూగే బాక్సింగ్ కుర్రాడికి ఈ చిక్కు తప్పదు. పారిస్ ఒలింపిక్స్‌లో మగవాళ్ళకు సరిగ్గా 63.5 కేజీల కేటగిరీ ఉండేది, కొలతలు తీసి కుట్టించినట్టు. వరల్డ్ బాక్సింగ్ అనే అంతర్జాతీయ సంస్థ 2025లో తెచ్చిన జాబితాలో మాత్రం 60 దాటితే 65 మాత్రమే. మూడున్నర కేజీలు దించుకుని 60లో పెద్ద ఒడ్డూపొడుగుతో నిలబడాలా, ఉన్న ఒంటితోనే 65లోకి వెళ్ళాలా? జిమ్ముల్లో ఎక్కువగా వినపడే జవాబు "దించెయ్". చాలామందికి అది పనికిరాని సలహా.

ఆ సలహా ప్రొఫెషనల్ బాక్సింగ్ చూసి పుట్టింది. అక్కడ తూకం పోటీకి ముందు రోజు జరుగుతుంది. ఒంట్లో నీళ్ళు చెమటగా పిండేసి తూగినవాడు మర్నాటికి మళ్ళీ నిండిపోతాడు. 2000లో ఆర్టురో గాటీ, జోయీ గమాష్ ఆడినప్పుడు పరిమితి 141 పౌండ్లు, అంటే 64 కేజీలు. రింగులోకి దిగేసరికి గాటీ 160 పౌండ్లు, గమాష్ 145. రెండో రౌండ్లోనే గమాష్ పడిపోయాడు. మెదడుకు దెబ్బ తగిలింది, మళ్ళీ బాక్సింగ్ ఆడలేదు. ఒకే కేటగిరీ పేరు మీద దాదాపు 7 కేజీల తేడా! ప్రొఫెషనల్ టైటిళ్ళు ఇచ్చే సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ తన టైటిల్ పోటీల్లో రెండో రోజు పొద్దున మళ్ళీ తూచి, పరిమితి మీద 10 పౌండ్లకు మించి పెరగకూడదని నిబంధన పెట్టింది ఇలాంటివి ఆపడానికే.

అమెచ్యూర్‌లో, అంటే ఒలింపిక్స్ తరహా పోటీల్లో, ఆ వెసులుబాటు లేదు. ఆడే రోజు పొద్దునే తూకం, కొన్ని గంటల్లో బౌట్. గెలిస్తే తర్వాతి బౌట్ రోజు మళ్ళీ తూకం. కాబట్టి పిండిన నీళ్ళు తిరిగి ఒంటికి పట్టే సమయమే ఉండదు. ప్రొఫెషనల్‌కు లాభమైన పని ఇక్కడ నష్టం.

అయినా 60కి దిగడం అసాధ్యమేమీ కాదు, లెక్క ప్రకారం చేస్తే. ఐదు వారాలు చేతిలో ఉండాలి. వారానికి అర కేజీ చొప్పున 2.5 కేజీల కొవ్వు తగ్గాలి. కేజీ కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు కాబట్టి రోజుకు 550 కేలరీల లోటు చాలు. చివరి రెండు రోజులు పీచు ఎక్కువున్నవి ఆపాలి: తోటకూర, గోంగూర, పెసరట్టు, పప్పు. తెల్లన్నం, పెరుగు, గుడ్డు తింటే పేగుల్లో బరువు అర కేజీ వరకూ తగ్గుతుంది. ఆవకాయలాంటి ఉప్పు పచ్చళ్ళు నాలుగు రోజుల ముందే పక్కన పెట్టాలి, అలాగని ఉప్పు పూర్తిగా మానకూడదు. మిగిలిన అర కేజీ రాత్రి నిద్రలో ఊపిరితో, చెమటతో దానంతటదే పోతుంది. ఇంతకు మించి నీళ్ళు పిండాల్సి వస్తే ఆ కేటగిరీ అతనిది కాదు.

అసలు తేల్చేది ఒంట్లో కొవ్వు శాతం. 14 శాతం ఉంటే దాదాపు 9 కేజీల కొవ్వు ఉన్నట్టు, 2.5 తీసినా ఇబ్బంది లేదు. 9 శాతమే ఉంటే అదే 2.5 తీయబోయి కండ కరిగించుకుంటాడు. స్కిన్‌ఫోల్డ్ క్యాలిపర్‌తో (చర్మం మడత పట్టి కొవ్వు లెక్కగట్టే పనిముట్టు) కొలిచే ఫిజియో దగ్గరికి ఒకసారి వెళ్తే ఈ వాదన సగం అక్కడే తీరిపోతుంది.

తప్పు జరిగేది చివరి 36 గంటల్లో. మే నెలలో బెజవాడ ఉక్కలో ప్లాస్టిక్ సూట్ వేసుకుని పరుగెత్తితే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. వడదెబ్బకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు. మూత్రం పోయే ఫ్యూరోసెమైడ్ బిళ్ళలు డోపింగ్ జాబితాలో ఉన్నాయి. "తూకం అయ్యాక సెలైన్ ఎక్కించుకుందాం" అనేవాళ్ళకు తెలియనిది: ఆసుపత్రి చికిత్సలో భాగం కాకుండా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి ఎక్కించుకుంటే అదీ నిషేధమే.

ఇక 65. ఎదుటివాడు 67 నుంచి దిగివచ్చినా, అదే రోజు తూకం కాబట్టి రింగులో తేడా రెండు మూడు కేజీలు దాటడం అరుదు. బరువుకన్నా ఇబ్బంది పెట్టేది పొడవు చేతులు, క్లించ్‌లో, అంటే ఒకరినొకరు పట్టేసుకున్నప్పుడు, మీద వాలడం. అందుకు మెడ, నడుము బలం పెంచాలి, జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే దెబ్బ) వేసిన వెంటనే పక్కకు జరగడం అలవాటు కావాలి. ఒక కేజీ కండ పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది, తొందరపడి తిండి పెంచితే పెరిగేది పొట్టే. మన బాక్సర్ లవ్లీనా టోక్యో ఒలింపిక్స్‌లో 69లో కాంస్యం తెచ్చి, పారిస్‌లో ఆ కేటగిరీ లేకపోవడంతో 75కి వెళ్ళి 2023లో ప్రపంచ విజేత అయింది. అదే పారిస్ కోసం మన నిఖత్ జరీన్ 52 నుంచి 50కి దిగింది. ఆమెను ఓడించిన చైనా బాక్సర్ వూ యూ కూడా 52 నుంచి దిగినదే. ఇద్దరూ దిగితే ఎవరికీ లాభం మిగలదు, బాధ మాత్రం ఇద్దరికీ.

కేటగిరీలూ పూర్తి న్యాయంగా లేవు. 50కీ 55కీ మధ్య తేడా 10 శాతం, 85కీ 90కీ మధ్య 6 శాతం లోపే. చిన్న ఒళ్ళవాళ్ళకే ఈ మెట్టు ఎత్తు.

కాబట్టి 14 శాతం కొవ్వున్నవాడు, ఒకటి రెండు బౌట్ల జిల్లా సెలక్షన్‌కైతే, 60కి దిగవచ్చు. ఐదు బౌట్లున్న నేషనల్స్‌కు అదే మనిషి 65లోనే ఆడటం మంచిది. మూడో తూకం నాటికి తింటే బరువు పెరుగుతుందన్న భయంతోనే సగం బలం పోతుంది. తేలకపోతే పోటీకి మూడు వారాల ముందు 62కి దించి, మర్నాడు పొద్దున మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు స్పారింగ్ (ప్రాక్టీస్ బౌట్) చేయించండి. మూడో రౌండ్లో చేతులు జారితే 65. పద్దెనిమిది నిండని పిల్లలకు ఈ పరీక్ష కూడా వద్దు, తూగినదాంట్లోనే ఆడించాలి.

తూకం అయ్యాక పోయిన ప్రతి కేజీకీ లీటరున్నర ఓఆర్ఎస్, పావుగంటకో గ్లాసు చొప్పున తాగాలి. ఒక్క కొబ్బరినీళ్ళతో సరిపెట్టొద్దు, చెమటలో పోయినంత సోడియం వాటిలో ఉండదు. తినడానికి ఇడ్లీ, అరటిపండు. అల్లం చట్నీ జోలికి వెళ్ళొద్దు, రెండో రౌండ్లో గొంతులోకి వస్తుంది.