యూబ్లాక్ ఆరిజిన్ రివ్యూ: ఒక్క బ్లాకర్ చాలు, రెండోది పెడితేనే చిక్కు

300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలయ్యే ఉదయం తిరుపతిలో ఏ నెట్ సెంటర్‌లో చూసినా ఒకటే మాట: ‘సైట్ తెరుచుకోవట్లేదు’. చాలాసార్లు అది నిజంగానే సర్వర్ మీద రద్దీ. కానీ పక్క సిస్టంలో వచ్చిన పేజీ ఈ సిస్టంలో తెల్లగా నిలబడిపోయినా, క్యాప్చా పెట్టె ఖాళీగా కనిపించినా, డబ్బు కట్టే పేజీ గిర్రున తిరుగుతూ ఉండిపోయినా రద్దీని అనకుండా ముందు బ్రౌజర్‌లోని ప్రైవసీ ఎక్స్‌టెన్షన్లను, అంటే ప్రకటనల్నీ వెంటపడేవాళ్లనీ ఆపడానికి బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను, అనుమానించాలి. అలాంటి ఎక్స్‌టెన్షనే యూబ్లాక్ ఆరిజిన్; అది ప్రకటనలను ఎంత బాగా ఆపుతుందో వాడేవాళ్లకు తెలుసు. సైట్ ఆగిపోయినప్పుడు అది మనకు ఎంత సాయపడుతుంది, పక్కన ఇంకో ఎక్స్‌టెన్షన్ ఉంటే ఏమవుతుంది అన్నదే ఈ రివ్యూలో విషయం.

పేరు దగ్గరే జాగ్రత్తపడాలి. ‘ఆరిజిన్’ అన్న మాట లేని ఉత్త ‘యూబ్లాక్’ వేరేవాళ్ల చేతిలో ఉన్న వేరే సరుకు. కావలసింది రేమండ్ హిల్ పేరుతో ఉన్నది. పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, విరాళాలు కూడా తీసుకోరు. 2025లో క్రోమ్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లకు పూర్తిగా స్వస్తి చెప్పింది కాబట్టి అందులో ఇప్పుడు దొరికేది ‘యూబ్లాక్ ఆరిజిన్ లైట్’. ప్రకటనలు ఆపడంలో లైట్‌కు వంక పెట్టలేం. కానీ దాని ఫిల్టర్ లిస్టులు (ఏవి ఆపాలో చెప్పే నియమాల జాబితాలు) ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తో పాటే మారతాయి, ఏది ఎందుకు ఆగిందో చూపించే లాగర్ లేదు. తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని అందులో అసలు యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోవడమే మేలు. ఆండ్రాయిడ్ ఫోన్లోని ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇది నడుస్తుంది.

సైట్ రాకపోతే చేయాల్సిన మొదటి పరీక్ష అర నిమిషం పని. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే ఇన్‌కాగ్నిటో విండో వస్తుంది. మనం విడిగా అనుమతి ఇస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు నడవవు. ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఇన్‌కాగ్నిటోలో పేజీ వచ్చినంత మాత్రాన ఎక్స్‌టెన్షనే దోషి అని తేల్చేయకూడదు, ఎందుకంటే ఆ విండోలో పాత కుకీలు (మనల్ని గుర్తుపెట్టుకోవడానికి సైట్ బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) కూడా ఉండవు. ఫైర్‌ఫాక్స్ ‘హెల్ప్’ మెనూలోని ‘ట్రబుల్‌షూట్ మోడ్’ ఈ విషయంలో నయం: కుకీలు అలాగే ఉంటాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగుతాయి. అందులో పేజీ వస్తే ఎక్స్‌టెన్షన్ మీద అనుమానం బలపడినట్టే. అందులోనూ రాకుండా ప్రైవేట్ విండోలో (ఫైర్‌ఫాక్స్‌లో ఇన్‌కాగ్నిటోకి పేరు అదే) మాత్రం వస్తే, అడ్రస్ బార్‌లో తాళం గుర్తు నొక్కి ఆ ఒక్క సైట్ కుకీలు తుడిచేస్తే చాలు. బ్రౌజర్ హిస్టరీ మొత్తం ఊడ్చేయనక్కర్లేదు.

రెండో పరీక్ష ఎఫ్12. ‘నెట్‌వర్క్’ ట్యాబ్ తెరిచి పేజీని మళ్లీ లోడ్ చేయండి. 503, 504 అంకెలు కనిపిస్తే తప్పు అవతలి సర్వర్‌ది. మన ఎక్స్‌టెన్షన్లను ఎంత తిప్పినా ఉపయోగం లేదు. క్రోమ్‌లో ‘బ్లాక్డ్ బై క్లయింట్’ అని ముగిసే ఎర్రర్ కనిపిస్తే మాత్రం ఆపింది మన బ్రౌజర్లోనిదే. ఫైర్‌ఫాక్స్ ఇంకో అడుగు ముందుకేసి, ఫలానా ఎక్స్‌టెన్షన్ ఆపింది అని పేరుతో సహా ఆ వరుసలోనే చూపిస్తుంది. నాలుగైదు ఎక్స్‌టెన్షన్లు వేసుకున్నవాళ్లకు దీన్ని మించిన సాయం లేదు.

యూబ్లాక్ ఆరిజిన్ అసలు బలం దాని లాగర్. ఐకాన్ నొక్కితే కింద వరుసలో ఉండే చిన్న జాబితా గుర్తే అది. దాన్ని తెరిచి ఉంచి సైట్ లోడ్ చేస్తే ఒక్కో అభ్యర్థన, అంటే పేజీ తెప్పించుకునే ఒక్కో ఫైలు, ఒక్కో వరుసగా వస్తుంది. ఆగినవి ఎర్రగా ఉంటాయి. ఏ లిస్టులోని ఏ నియమం ఆపిందో ఆ వరుస మీద నొక్కితే తెలుస్తుంది. ఉదాహరణకు క్యాప్చా రావట్లేదనుకోండి. గూగుల్ రీక్యాప్చా అయితే అది రెండు చోట్ల నుంచి రావాలి: గూగుల్ డాట్ కామ్, జీస్టాటిక్ డాట్ కామ్. మామూలు సెట్టింగుల్లో యూబ్లాక్ ఆరిజిన్ వీటి జోలికి పోదు. జీస్టాటిక్ వరుస ఎర్రగా ఉందంటే ఎవరో అదనపు లిస్టులు టిక్ పెట్టి ఉంటారు, లేదా ‘మై రూల్స్’లో మూడో పక్షం స్క్రిప్టులన్నీ (వేరే సైట్ల నుంచి వచ్చి పేజీలో నడిచే కోడ్) ఆపేసి ఉంటారు. సెట్టింగుల్లోని ‘ఫిల్టర్ లిస్ట్స్’ ట్యాబ్‌కి వెళ్లి అదనంగా పెట్టినవి తీసేసి, క్యాషెలు ఖాళీ చేసే బటన్ నొక్కి, ‘అప్‌డేట్ నౌ’ కొడితే ఇలాంటి ఇబ్బందులు చాలావరకు అక్కడితో తీరతాయి. అదనంగా ఏదైనా కావాలంటే తెలుగు వార్తా సైట్లు ఎక్కువగా చదివేవాళ్లు ప్రాంతీయ విభాగంలోని ‘ఇండియన్‌లిస్ట్’ ఒక్కటి పెట్టుకోవచ్చు.

ఇంత లోతు అక్కర్లేనివాళ్లకు పెద్ద పవర్ బటన్ ఉంది. మామూలుగా నొక్కితే ఆ సైట్ మొత్తానికీ బ్లాకింగ్ ఆగిపోతుంది, మళ్లీ నొక్కేదాకా అలాగే ఉంటుంది. కంట్రోల్ పట్టుకుని నొక్కితే ఆ ఒక్క పేజీకే. ఏయే సైట్లకు ఆపేశారో ‘ట్రస్టెడ్ సైట్స్’ ట్యాబ్‌లో వరుసగా ఉంటుంది, అప్పుడప్పుడు చూసి అక్కర్లేనివి తీసేయండి. ‘ఈ పేజీని లోడ్ కాకుండా ఆపాం’ అంటూ ఒక్కోసారి పూర్తి స్క్రీన్ హెచ్చరిక వస్తుంది. ఎస్సెమ్మెస్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన లింకు అసలు సైట్‌కి నేరుగా పోకుండా మధ్యలో ట్రాకర్ (మనం ఏం చూస్తున్నామో గమనించే సర్వర్) గుండా వెళ్తుంటే ఇలా జరుగుతుంది. లింకు నమ్మకమైనదైతే ‘ప్రొసీడ్’ నొక్కొచ్చు. టికెట్లు, గదుల పేరుతో వచ్చిన తెలియని లింకైతే అక్కడే వదిలేసి అధికారిక సైట్ అడ్రస్‌ని మీరే టైప్ చేయండి.

ఇక అసలు గొడవ. యూబ్లాక్ ఆరిజిన్ కొన్ని ట్రాకర్ స్క్రిప్టులను ఆపేసి ఊరుకోదు. వాటి స్థానంలో ఏ పనీ చేయని ఉత్తుత్తి స్క్రిప్టును పెడుతుంది. సైట్ కోడ్ ఆ స్క్రిప్టు కోసం వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది, పేజీ ముందుకు సాగుతుంది. పక్కనే ఇంకో బ్లాకర్ ఉంటే అది అదే అభ్యర్థనను నేరుగా కొట్టేస్తుంది. ఒకరు దారి మళ్లించమని, ఇంకొకరు ఆపేయమని అంటే బ్రౌజర్ ఆపేయమన్నవాళ్ల మాటే వింటుంది. దాంతో ఉత్తుత్తి స్క్రిప్టు కూడా అందదు, పేజీలోని బటన్ నొక్కినా ఉలకదు పలకదు. రెండు ఉంటే రక్షణ రెట్టింపు అవుతుందనుకుంటే అసలుకే ఎసరు. రెండింటి ఫిల్టర్ లిస్టులూ చాలావరకు ఒకటే కాబట్టి అదనంగా వచ్చే లాభం కూడా దాదాపు ఏమీ లేదు.

ట్రాకర్లను ఆపే ఇంకో ఎక్స్‌టెన్షన్ ప్రైవసీ బ్యాడ్జర్ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లది, మంచిదే. ఎర్ర స్లైడర్ అంటే పూర్తిగా ఆపడం, పసుపు అంటే కుకీలు మాత్రం ఆపడం, పచ్చ అంటే వదిలేయడం. ప్రకటనలు ఉన్నా ఫర్వాలేదు, వెంటపడేవాళ్లు వద్దు అనుకునేవాళ్లు అదొక్కటే పెట్టుకోవచ్చు. యూబ్లాక్ ఆరిజిన్ పక్కన మాత్రం వద్దు. నోస్క్రిప్ట్ అనే ఎక్స్‌టెన్షన్ మరీ కఠినం, మొదట్లో స్క్రిప్టులన్నీ ఆపేసే ఉంచుతుంది. చదువుకునే సైట్లకు సరే. డబ్బు కట్టేటప్పుడు టికెట్ సైట్, పేమెంట్ గేట్‌వే, బ్యాంకు ఓటీపీ పేజీ అని మూడు డొమైన్లు మారతాయి. ప్రతిచోటా అనుమతి ఇచ్చి పేజీని రీలోడ్ చేయాల్సి రావడంతో సెషన్ మధ్యలోనే తెగిపోతుంది. దానికితోడు ఒక డొమైన్ నుంచి ఇంకో డొమైన్‌కి వివరాలు వెళ్లడాన్ని దాడిగా అనుమానించి ఆపే కాపలా కూడా అందులో ఉంది.

డబ్బు విషయంలో ప్రయోగాలు వద్దు. యూపీఐ క్యూఆర్ స్కాన్ చేశాక, డబ్బు అందిందా లేదా అని ఆ పేజీ వెనకాల సర్వర్‌ని అడుగుతూనే ఉంటుంది. ఆ అడగడమే ఆగిపోతే ఖాతాలో డబ్బు కట్ అయినా పేజీ మాత్రం ఎదురుచూస్తూనే ఉంటుంది. వెంటనే రెండోసారి కట్టకుండా ముందు సైట్‌లోని బుకింగ్ హిస్టరీ, బ్యాంకు మెసేజ్ చూసుకోండి. అన్నిటికన్నా సులువైన మార్గం విడి ప్రొఫైల్. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో ‘అబౌట్ ప్రొఫైల్స్’ను మధ్యలో కోలన్ పెట్టి, ఇంగ్లీషులో ఖాళీ లేకుండా కొడితే కొత్త ప్రొఫైల్ తయారుచేసే బటన్ ఉంటుంది. అందులో ఏ ఎక్స్‌టెన్షనూ వేయకుండా టికెట్లు, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు, బ్యాంకు పనులకు మాత్రమే వాడండి. చిత్తూరు, తిరుపతి నెట్ సెంటర్లవాళ్లు ప్రతి సిస్టంలో ఇలాంటిది ఒకటి ఉంచుకుంటే రద్దీ వేళ తలనొప్పి సగం తగ్గుతుంది. ఒక్కో కస్టమర్ లేచాక లాగౌట్ చేసి కుకీలు తుడిచేయడం మాత్రం మరవకూడదు.

యూబ్లాక్ ఆరిజిన్‌లో లోపాలు లేకపోలేదు. లాగర్ చూడగానే కొత్తవాళ్లు బెదిరిపోతారు, ఫోన్ తెరమీద దాన్ని చదవడం యాతన. కానీ ఏది ఎందుకు ఆపిందో ఇంత దాపరికం లేకుండా చెప్పే బ్లాకర్లు అరుదు. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు కళ్లు మూసుకుని పెట్టుకోవచ్చు.

ఎక్స్‌టెన్షన్లన్నీ తీసేసినా సైట్ రాకపోతే మూడు చోట్ల చూడండి. ఫోన్లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ (సైట్ పేరుకు అడ్రస్ వెతికిపెట్టే సర్వర్‌ని ఎంచుకునే సెట్టింగ్) కింద ప్రకటనలు ఆపే సర్వర్ పేరు ఉంటే దాన్ని ‘ఆటోమేటిక్’కి మార్చండి; అది బ్రౌజర్‌కి బయట జరిగే బ్లాకింగ్ కాబట్టి పవర్ బటన్ దాన్ని ఏమీ చేయలేదు. వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపండి, కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ ఐపీ అడ్రస్‌లను రానివ్వవు. పాత డెస్క్‌టాప్‌లో ప్రతి సైట్‌కీ సర్టిఫికెట్ తేదీ ఎర్రర్ వస్తుంటే గడియారం వెనక్కి పోయిందేమో చూడండి. పవర్ తీసినప్పుడల్లా తేదీ మారిపోతుంటే మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే, కొత్తది వేసి తేదీ సరిచేస్తే చాలు.