వీల్ స్పేసర్లతో నాలుగేళ్లు

నా సుజుకీ జిమ్నీకి లావు మడ్ టైర్లు వేశాక స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చాలు, ముందు టైరు లోపలి అంచు రేడియస్ ఆర్మ్‌కి (యాక్సిల్‌ని ఛాసీకి కలిపే కడ్డీకి) రాసుకునేది. కొత్త రిమ్ములు ఎందుకులే అని స్పేసర్లు బిగించాను. ఇవి చక్రాన్ని బయటికి జరిపే మందపాటి లోహపు బిళ్లలు: స్పేసర్‌ని హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు భాగానికి) లోపలి నట్లతో బిగిస్తాం, చక్రాన్ని స్పేసర్‌కి బయటి నట్లతో. ఇప్పటికి 40,000 కిలోమీటర్లు దాటింది. చక్రం ఊడిపోతుందని భయపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. ఊడలేదు గానీ, ఒకసారి అంతదాకా వెళ్లొచ్చాను.

మొదటి సెట్ విషయంలో తప్పు నాదే. నా జిమ్నీకి పీసీడీ (స్టడ్ల సంఖ్య, అవి ఉన్న వృత్తం వ్యాసం మి.మీ.లో) 5x139.7 అని సరిచూసుకున్నాను, మధ్య రంధ్రం కొలత మాత్రం పట్టించుకోలేదు. హబ్ 108 మి.మీ. ఉంటే, తెచ్చినవాటి రంధ్రం అంతకన్నా పెద్దది. అంటే స్పేసర్ హబ్ మీద బిగుతుగా కూర్చోదు, దాన్ని సరిగ్గా మధ్యలో నిలిపే పని స్టడ్ల (నట్లు ఎక్కే మేకుల) మీదే పడుతుంది. వేగం 80 దాటగానే స్టీరింగ్ వణికేది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు. హబ్‌సెంట్రిక్ సెట్ (రంధ్రం హబ్‌కి సరిగ్గా సరిపోయేది) వేసిన రోజే వణుకు పోయింది.

అసలు కథ ఈ రెండో సెట్‌తోనే. ఒక ట్రిప్పు నుంచి వస్తుంటే బ్రేక్ వేసినప్పుడల్లా ముందు ఎడమవైపు టక్కుమని చప్పుడు. బయటి నట్లు చూస్తే గట్టిగానే ఉన్నాయి. అనుమానం తీరక చక్రం విప్పాను. లోపల స్పేసర్‌ని హబ్‌కి పట్టి ఉంచే నట్లలో రెండు చేత్తోనే తిరిగాయి! బిగించేటప్పుడు హబ్ మీది తుప్పు గీకలేదు. ఆ పొర నలిగి రాలిపోయేసరికి బిగువు సడలింది. అప్పటినుంచి వైర్ బ్రష్‌తో హబ్ మెరిసేదాకా రుద్దుతాను, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) ఎదురెదురు నట్ల వరుసలో, ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగిస్తాను, 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం విప్పి మళ్లీ చూస్తాను. నట్లని దెబ్బలతో బిగించే ఇంపాక్ట్ గన్‌ని దగ్గరికి రానివ్వను.

నావి 30 మి.మీ. మందం, కాబట్టి ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) 60 మి.మీ. పెరిగింది. పక్కకు వాలిన దారుల్లో బండి నిలకడ బాగుంది. బదులుగా బురదంతా తలుపుల మీదికే చిమ్ముతుంది. స్క్రబ్ రేడియస్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత నేలని తాకే చోటికీ టైరు మధ్యకీ ఉన్న దూరం) పెరగడంతో స్టీరింగ్ బరువెక్కింది, గుంతలో పడితే చేతికి బాగా తెలుస్తుంది. రేడియస్ ఆర్మ్‌ని వదిలిన టైరు బంపర్ మూలని పట్టుకుంది, అక్కడ ప్లాస్టిక్ కోయాల్సి వచ్చింది. మూడో ఏట ముందు కుడి బేరింగ్ మోగితే మార్చాను. అందులో స్పేసర్‌కి ఒక వాటా, నేను దాటించిన వాగులకి ఇంకో వాటా అనుకుంటున్నాను.

సన్నవి కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. 25 మి.మీ. కన్నా పలచనైతే బండితో వచ్చిన స్టడ్లు స్పేసర్ దాటి బయటికి పొడుచుకొస్తాయి. రిమ్ము వెనక వాటికి గుంటలు లేకపోతే చక్రం సరిగ్గా ఆనదు.

ఈ టైర్లు అరిగాక తక్కువ ఆఫ్‌సెట్ రిమ్ములకి (స్పేసర్ లేకుండానే చక్రాన్ని బయటికి నిలిపేవాటికి) వెళ్లిపోతాను. స్పేసర్లు ఇంకా బాగానే ఉన్నాయి. ప్రతి ట్రిప్పుకీ ముందు నాలుగు చక్రాలూ విప్పే ఓపికే అయిపోయింది.