నమీబియా: గేటు లోపల బసకే డబ్బు పెట్టండి

మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి మూడు రెట్లు చేస్తే ఎంతో, నమీబియా అంత ఉంటుంది: దాదాపు 8.25 లక్షల చదరపు కిలోమీటర్లు. జనం మాత్రం 30 లక్షలే. పడమట అట్లాంటిక్‌లో పారే బెంగ్వెలా చల్లటి ప్రవాహం వల్ల తీరానికి పొగమంచు వస్తుంది గానీ వాన రాదు. అందుకే సముద్రం ఒడ్డునే నమీబ్ ఎడారి. ఊళ్ల మధ్య దూరాలు ఎక్కువ, పెట్రోలు బంకులు తక్కువ. ట్యాంకు సగానికి వచ్చాక కనబడిన మొదటి బంకులోనే నింపేయాలి. మారుమూల బంకుల్లో కార్డు మిషన్ పనిచేయకపోవచ్చు, నగదు దగ్గరుంచుకోండి. దక్షిణాఫ్రికా రాండ్ కూడా ఇక్కడ సమాన విలువకే చెల్లుతుంది. నమీబియా డాలరు మాత్రం సరిహద్దు దాటితే చెల్లదు, మిగలకుండా చూసుకోవాలి.

మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. ప్రధాన రహదారులు తారువి, మిగతావన్నీ చాలావరకు కంకర. బండి బరువును బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, తారు మీద 32-34 పీఎస్‌ఐ, కంకర మీద 26 దగ్గర గాలి పెట్టాలి. గాలి ఎక్కువైతే పదునైన రాళ్లకు టైరు చీలుతుంది, గతుకుల మీద పట్టూ పోతుంది. వేగం 80 దాటించకండి. మలుపులో జారిన బండిని గట్టి బ్రేకుతో ఆపబోతేనే అది పల్టీ కొడుతుంది. అద్దె బండి బీమాలో ఇలా ఇంకో బండి తగలకుండానే జరిగే ప్రమాదాలకూ, టైర్లకూ, అద్దాలకూ తరచు మినహాయింపు ఉంటుంది. సంతకానికి ముందే ఆ పేజీ చదవండి. స్పేర్ టైర్లు రెండు అడగండి. జాకీని అక్కడే ఒకసారి ఎత్తించి చూడండి.

ఇక బస. నమీబ్ ఎడారిలో ఎర్ర ఇసుక దిబ్బలుండే సోసుస్‌వ్లేకి దారి సెస్రియెమ్ అనే పార్కు గేటు. లోపలి క్యాంపులో ఉన్నవాళ్లకు సూర్యోదయానికి గంట ముందే దారి తెరుస్తారు, బయటి లాడ్జిలవాళ్లకు సూర్యోదయానికే. అక్కడి నుంచి 60 కిలోమీటర్లు వెళ్లాలి. బయటివాళ్లు చేరేసరికి ఎర్ర దిబ్బల మీద పొడవాటి నీడలు కరిగిపోతాయి, ఎండ ముదురుతుంది. గది సాదాగా ఉన్నా, భోజనం అంతంతమాత్రమైనా, లోపలి బసకే నా ఓటు. చివరి 5 కిలోమీటర్లు మెత్తటి ఇసుక. ఫోర్ బై ఫోర్ ఉన్నా గాలి 17 పీఎస్‌ఐకి దించకుండా దిగినవాళ్లే ఎక్కువగా కూరుకుపోతారు. చక్రం ఖాళీగా తిరిగిందా, యాక్సిలరేటర్ వదిలేయండి. తొక్కేకొద్దీ గొయ్యి లోతవుతుంది. ఇసుక అలవాటు లేకపోతే పార్కింగ్ దగ్గర షటిల్ ఎక్కడమే మేలు. ఇసుక దారి చివరి నుంచి డెడ్‌వ్లే అనే ఎండిన మడుగుకి కిలోమీటరు పైచిలుకు నడక. శతాబ్దాల కిందట ఎండిన తుమ్మజాతి చెట్లు తెల్లటి బంకమట్టిలో నల్లగా నిలబడి ఉంటాయి.

వన్యమృగాల పార్కు ఎటోషాలోనూ అదే లెక్క. పార్కు గేట్లు సూర్యాస్తమయానికి మూసేస్తారు. ఒకౌకుయెయో క్యాంపులో ఉంటే, రాత్రంతా దీపాలు వెలిగే నీటిగుంటకు నల్ల ఖడ్గమృగాలు వచ్చి తాగడం కంచె ఇవతల బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. జూన్ నుంచి అక్టోబరు వరకు మంచి కాలం. వానలు పడితే జంతువులు నీటికోసం గుంటల దగ్గరికి రానక్కర్లేదు, పైగా మలేరియా భయం.

తీర పట్టణం స్వాకోప్‌మండ్‌లో శాకాహారం, కాఫీ, మంచి గదులు దొరుకుతాయి. ఎండాకాలంలోనూ స్వెట్టర్ కావాలి. అందమైన జర్మన్ భవనాలు చూసి ఆగిపోవద్దు. 1904-08లో జర్మన్ సేనలు హెరెరో, నామా ప్రజలను ఊచకోత కోశాయి. పట్టణ శ్మశానంలో పేర్లు లేని హెరెరోల సమాధులు వరసలుగా ఉన్నాయి. అక్కడికి తప్పక వెళ్లాలి.

జర్మన్ల తర్వాత దక్షిణాఫ్రికా పాలించింది. 1990 మార్చి 21న స్వాతంత్ర్యం వచ్చింది. అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. 2025 మార్చి 21 నుంచి నెటుంబో నంది-న్‌డైత్వా తొలి మహిళా అధ్యక్షురాలు. అధికార భాష ఇంగ్లిషు కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. సగం ఇళ్లలో ఓషివాంబో మాట్లాడతారు, బజారులో ఆఫ్రికాన్స్ కూడా వినబడుతుంది. హింబా తెగవాళ్ల ఫొటో తీసేముందు అనుమతి అడగండి.

ప్లగ్గు సంగతి: మన గీజరుకు వాడే పెద్ద మూడు పిన్నులదే అక్కడి సాకెట్. ఇక్కడే ఒక అడాప్టర్ కొనుక్కుని వెళ్లండి.