కాళ్లున్న కుర్రాడు: హామిల్టనా, బక్స్‌టనా, లాఫ్టనా?

మా బావమరిది ఒహాయోలో ఉంటాడు. వాళ్లబ్బాయి స్కూలు బేస్‌బాల్ జట్టులో సెంటర్ ఫీల్డ్, అంటే మైదానం వెనక మధ్యభాగం, కాపలా కాస్తాడు. జింకలా పరిగెత్తుతాడు. బ్యాట్ చేతికొస్తే మాత్రం దోమల్ని తోలుతున్నట్టే ఉంటుంది. మొన్న ఫోన్లో, "బావా, వీడికి కాళ్లున్నాయి. మిగతాది నేర్పితే వచ్చేస్తుంది కదా?" అన్నాడు. చటుక్కున అవుననలేకపోయాను. సరిగ్గా ఇదే ప్రశ్న దగ్గర, అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పైస్థాయి అయిన మేజర్ లీగ్ జట్లు లక్షల డాలర్లు పోసి కొన్నిసార్లు గెలిచాయి, కొన్నిసార్లు చేతులు కాల్చుకున్నాయి.

క్రికెట్ మాత్రమే చూసేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. అక్కడ రన్నర్ వరసగా తాకుతూ చుట్టి రావాల్సిన నాలుగు మజిలీలే బేస్‌లు, ఒక బేస్‌కీ ఇంకో బేస్‌కీ మధ్య 90 అడుగులు. పిచర్ (బంతి వేసేవాడు) కదలిక మొదలుపెట్టిన దగ్గర్నుంచి బంతి క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) చేతిలో పడేదాకా సుమారు 1.3 సెకన్లు. క్యాచర్ దాన్ని రెండో బేస్‌కి చేర్చడానికి ఇంకో 2 సెకన్లు. ఆ మూడు సెకన్ల చిల్లరలో మొదటి బేస్ మీదున్న రన్నర్ రెండో బేస్ చేరిపోతే దాన్ని స్టీల్ అంటారు. కుర్రాళ్లను చూసే స్కౌట్లు ప్రతి నైపుణ్యానికీ 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు, 80 అంటే అరుదైన సరుకు. ఈ పద్దతిలో ఒక మెలిక ఉంది. పరుగుకి 80 వేయాలంటే ఒక స్టాప్‌వాచ్, ఒక మధ్యాహ్నం చాలు. పదిహేడేళ్ల పిల్లాడి బ్యాటింగ్‌కి వేసే మార్కు మాత్రం సగం జోస్యం. కళ్లెదుట కొలిచి చూసుకున్నది ఎప్పుడూ జోస్యం కంటే గట్టిగా కనిపిస్తుంది. వేగం మనల్ని మోసం చేసేది అక్కడే.

వేగంలో ఎవరికీ తీసిపోని ముగ్గురు సెంటర్ ఫీల్డర్లను పక్కపక్కన నిలబెట్టి చూద్దాం.

మొదటివాడు బిల్లీ హామిల్టన్. మిసిసిపీ కుర్రాడు, 2009 డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) రెండో రౌండ్లో సిన్సినాటి రెడ్స్ తీసుకుంది. 2012లో కింది స్థాయి జట్లు బేకర్స్‌ఫీల్డ్, పెన్సకోలాలకు ఆడుతూ ఒకే సీజన్లో 155 స్టీల్స్ చేశాడు. 1983లో విన్స్ కోల్మన్ నెలకొల్పిన 145 రికార్డు చెరిగిపోయింది. మరుసటేడు సెప్టెంబరులో రెడ్స్ పైకి పిలిచింది. మొదటి ఆటలోనే బదులు రన్నర్‌గా దిగి, క్యాచర్లలో మేటి అనిపించుకున్న యాడియర్ మొలీనా మీద రెండో బేస్ కొట్టేసి, ఆ ఆటలో నమోదైన ఒకే ఒక్క పరుగు తనే పూర్తిచేశాడు. ఆ నెలలో 14 సార్లు ప్రయత్నిస్తే 13 సార్లు దక్కాయి. ఇక ఇతన్ని ఆపేదెవరు అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను.

ఆపింది మొదటి బేస్. దాన్ని దొంగిలించడం కుదరదు కదా, బ్యాట్‌తోనే సంపాదించుకోవాలి. 2014లో హామిల్టన్ 56 స్టీల్స్ చేశాడు, మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో జేకబ్ డిగ్రామ్ తర్వాత రెండో ఉత్తమ కొత్త ఆటగాడిగా నిలిచాడు. కానీ బ్యాటింగ్ సగటు (బంతిని కొట్టి బేస్ చేరిన వంతు) 0.250, ఏ దారినైనా బేస్ మీదికి చేరిన రేటు 0.292. అంటే వందసార్లు బ్యాటింగ్‌కి వస్తే డెబ్బైసార్లు తిరిగి డగౌట్‌కే. లీగ్ సగటు దానికంటే మెరుగు.

ఇక్కడ నాకు చాలాకాలం అంతుపట్టని సంగతి ఒకటుంది. 155 స్టీల్స్ చేసిన ఏడాది ఇదే కుర్రాడి బేస్ చేరిన రేటు 0.400 దాటింది, వాక్‌లు 80కి పైనే. బంతిని ఎంచుకునే కంటిచూపు లేనివాడైతే అన్ని వాక్‌లు ఎలా వచ్చాయి? వచ్చినవి పైకి వెళ్లాక ఎలా మాయమయ్యాయి? వాక్ అంటే పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వేస్తే ఉచితంగా దక్కే మొదటి బేస్. కింది స్థాయిలో పిచర్లకు గురి నిలకడగా ఉండదు. పైస్థాయి పిచర్‌కి గురి ఉంటుంది. అయినా అతను కావాలనే అంచుల్లో, బయట వేస్తాడు. ఎందుకు? ఎదుటివాడు కొడితే బంతి కంచె దాటుతుందన్న భయంతో. హామిల్టన్ కొడితే బంతి దాటదు. పదేళ్ల మేజర్ లీగ్ జీవితంలో అతని హోమ్ రన్లు 24. భయం లేని పిచర్ నేరుగా మధ్యలోనే వేస్తాడు, వాక్‌లు ఎండిపోతాయి. కింది స్థాయిలో అతని ఓపిక అని మనం చదువుకున్నది చాలావరకు ఎదుటివాళ్ల గురి లోపం. దాని జాడ 2013లో, ఒక మెట్టు కింద లూయీవిల్‌లోనే కనిపించింది. అక్కడ అతని సగటు 0.256, బేస్ చేరిన రేటు 0.308. చూడదలుచుకున్నవాళ్లకు కనిపించింది.

అలాగని హామిల్టన్ని విఫలుడంటే నేనొప్పుకోను. 326 స్టీల్స్, ఏళ్ల తరబడి లీగ్‌లో చూడముచ్చటైన సెంటర్ ఫీల్డింగ్. రెండో రౌండ్లో తీసుకున్నవాళ్లలో చాలామందికి ఇందులో సగం కూడా దక్కదు. ఆశ పెట్టుకున్న ఎత్తు వేరు, అతను చేరిన ఎత్తు వేరు, అంతే.

రెండోవాడు బైరన్ బక్స్‌టన్. జార్జియాలో బాక్స్‌లీ అనే చిన్న ఊరు. 2012 డ్రాఫ్ట్‌లో కార్లోస్ కొర్రేయా తర్వాత రెండో పిలుపు ఇతనిదే, మిన్నెసోటా ట్విన్స్ తీసుకుంది. 2015లో పైకొచ్చి 0.209 కొట్టాడు, 2016లో 0.225. బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతి మూడుసార్లలో ఒకసారికి పైగా స్ట్రైక్‌ఔట్ (మూడు బంతులు తగిలించలేక ఔట్). ఆ రెండేళ్ల అంకెలు హామిల్టన్ అంకెల పక్కన పెడితే, హామిల్టన్నే తీసుకుంటామంటారు ఎవరైనా. కానీ ట్విన్స్ దగ్గర రెండు ఆధారాలున్నాయి. ఒకటి, సెంటర్ ఫీల్డ్‌లో ఇతను పట్టే క్యాచ్‌లే జట్టులో చోటు నిలబెడుతున్నాయి. రెండోది, ఎప్పుడో ఒకసారి తగిలిన బంతి తుపాకీ మోతలా వెళుతోంది. వేగం అసలు పని అదే, బ్యాట్ పండేదాకా గడువు కొనిపెట్టడం. 2017లో 16 హోమ్ రన్లు, 30 ప్రయత్నాల్లో 29 స్టీల్స్, రెండో సగమైన అమెరికన్ లీగ్‌లో మేటి ఫీల్డర్‌కిచ్చే ప్లాటినం గ్లవ్. అప్పటికే మొదలైన సెకనుకి ఎన్ని అడుగులన్న కొలతలోనూ ఇతనే ముందు. 27 సగటు, 30 దాటితే అసాధారణం, ఇతనిది 30 పైనే.

మరి బక్స్‌టన్‌దే పైచేయా? ఆగండి. 2018లో ఆడింది 28 ఆటలు. 2021లో 0.306 కొడుతూ వెలిగిపోయిన ఏడాది 61 ఆటలే. సీజన్లో వంద ఆటలు దాటింది 2017, 2024, 2025ల్లో మాత్రమే. అంత వేగంతో గోడకేసి వెళ్లేవాడి ఒళ్లు ఊరుకోదు. వేగం లెక్కలో ఈ ఖర్చు ఎవరూ రాసుకోరు. 2025లో ఒళ్లు సహకరిస్తే 35 హోమ్ రన్లు, 24కి 24 స్టీల్స్. అప్పటికి 31 ఏళ్లు.

మూడోవాడు కెన్నీ లాఫ్టన్, నాకు అందరికంటే ఇష్టుడు. 1988లో అరిజోనా విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ సెమీఫైనల్ చేరినప్పుడు అందులో ఉన్నాడు. కాలేజీలో ఆడిన బేస్‌బాల్ ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే ఏడాది హ్యూస్టన్ ఆస్ట్రోస్ 17వ రౌండ్లో, పోతే పోయిందన్నట్టు తీసుకుంది. మొదటి సీజన్ సగటు 0.214. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. ఈ పువ్వు వాసన కూడా రాలేదు. కానీ మెట్టు మెట్టుకీ అంకె పెరిగింది. 1991లో టూసన్‌లో 0.308. ఆ డిసెంబరులో ఆస్ట్రోస్ అతన్ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేసి నాలిక కరుచుకుంది. మరుసటేడు 66 స్టీల్స్, అక్కడినుంచి వరుసగా అయిదేళ్లు అమెరికన్ లీగ్ స్టీల్స్ కిరీటం. చివరికి సగటు 0.299, బేస్ చేరిన రేటు 0.372, స్టీల్స్ 622.

ముగ్గురినీ "పచ్చి ఆటగాడు" అనే అన్నారు. మామిడికాయ సంగతి తెలిసినవాళ్లకు ఇందులో తేడా చెప్పక్కర్లేదు. ముదిరిన పచ్చికాయ గడ్డిలో పెడితే మాగుతుంది. లేతకాయ అదే గడ్డిలో ముడతలు పడుతుంది. బయటికి రెండూ ఆకుపచ్చే. లాఫ్టన్ పచ్చిదనం ఆడకపోవడం వల్ల వచ్చింది, అందుకే ఆడేకొద్దీ తగ్గింది. హామిల్టన్‌ది వందల ఆటలు ఆడాక కూడా మిగిలింది. బక్స్‌టన్‌ది ఈ రెంటికీ మధ్య. ముదిరిన కాయే, మాగడానికి ఏళ్లు పట్టింది.

కాళ్లు తప్ప ఇంకేమీ లేకపోతే ఎంతదాకా? దానికీ ఉదాహరణ ఉంది, కొంచెం వింతది. 1974లో ఓక్‌లాండ్ యజమాని చార్లీ ఫిన్లీ, హెర్బ్ వాషింగ్టన్ అనే పరుగుపందెం వీరుణ్ని కేవలం పరిగెత్తడానికి తెచ్చుకున్నాడు. 105 ఆటలాడాడు, ఒక్కసారీ బ్యాట్ పట్టలేదు. స్టీల్స్ 31, దొరికిపోయినవి 17. నూటికి డెబ్బైకి తగ్గితే స్టీల్ ప్రయత్నం జట్టుకు నష్టమనే లెక్కలో అతను నష్టంలోనే ఉన్నాడు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ రెండో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మొదటి బేస్ దగ్గర నిలబడి ఉండగానే ఎదుటి పిచర్ మైక్ మార్షల్ బంతి అటు విసిరి పట్టేశాడు. పిచర్ భుజం చదవడం పందెం ట్రాక్ మీద నేర్పరు మరి.

2023లో బేస్‌లు 15 నుంచి 18 అంగుళాలకు పెంచి, పిచర్ రన్నర్ వైపు విసిరే సార్లు తగ్గించారు. 2022లో 2,486 ఉన్న స్టీల్స్ 3,503కి ఎగబాకాయి. వేగం ధర పెరిగిన మాట నిజం. మొదటి బేస్ ధర మాత్రం తగ్గలేదు.

ఎవర్ని ఎంచుకుంటానంటారా? చేతిలో రెండో పిలుపు, పదేళ్ల ఓపిక, మంచి డాక్టరు ఉంటే బక్స్‌టన్ రకం. 17వ రౌండ్ అయితే కళ్లు మూసుకుని లాఫ్టన్ రకం, ఇంకో ఆటలో ఆరితేరి ఈ ఆటలో రోజులు తక్కువైనవాడు. హామిల్టన్ రకాన్ని మొదటి రౌండ్ ధరకి మాత్రం తీసుకోను.

ఇప్పటి కుర్రాళ్లలో టాంపా బే జట్టులోని చాండ్లర్ సింప్సన్ దగ్గర నా కొలబద్ద తడబడుతోంది. 2024లో కింది స్థాయిలో 104 స్టీల్స్, 2025లో పైకొచ్చి 44. సగటు 0.295, స్ట్రైక్‌ఔట్లు బాగా తక్కువ, హోమ్ రన్లు సున్నా. బంతికి బ్యాట్ తగిలించడంలో లాఫ్టన్, పిచర్‌ని భయపెట్టడంలో హామిల్టన్. నేనైతే లాఫ్టన్ వైపు ఒక వేలు ఎక్కువ మొగ్గుతాను, రెండు కాదు.

బావమరిదితో చివరికి అన్నది ఇదీ. "స్టాప్‌వాచ్ ఇంట్లో పెట్టు. వాడు ప్రాక్టీసులో బ్యాటింగ్ చేస్తుంటే వీపు తిప్పి నిలబడి చప్పుడు విను. ఆర్నెల్ల తర్వాత మళ్లీ విను."

"ఏం వినాలి బావా?"

"మారిందో లేదో."

ఫోన్ పెట్టేముందు అడిగాను, బాస్కెట్‌బాల్ కూడా ఆడతాడా అని. ఆడతాట్ట. ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అన్నాను.