ఫ్రిజ్, ఏసీ విప్పే సరదా ఉన్నవాళ్ళకు ఈపీఏ 608 పరీక్ష: టైప్ 1 చాలా, యూనివర్సల్ రాయాలా?

అమెరికాలో ఉంటూ పాత ఫ్రిజ్‌నో విండో ఏసీనో సొంతంగా బాగుచేసుకుందామనుకునేవాళ్ళకు మొదటి అడ్డంకి షాపు కౌంటర్ దగ్గరే ఎదురవుతుంది. గ్యాస్ సిలిండర్ అడిగితే ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) 608 పరీక్ష పాసైన కార్డు చూపించమంటారు. క్లీన్ ఎయిర్ చట్టం 608వ సెక్షన్ కింద ఆర్-22 లాంటి ఓజోన్ పొరను పాడుచేసే గ్యాస్‌ల మీదే ఉన్న ఈ ఆంక్ష, 2018 జనవరి 1 నుంచి ఓజోన్ పొరకు హాని చేయని ఆర్-410ఏ లాంటి హెచ్‌ఎఫ్‌సీ గ్యాస్‌లకూ వర్తిస్తోంది. గ్యాస్ కొనడం ఒక్కటే కాదు, గ్యాస్ తిరిగే పైపులను తెరవాలన్నా కార్డు కావాలి. "నా ఇల్లు, నా ఏసీ" అంటే కుదరదు. టెక్నీషియన్ అన్న మాటకు రూల్లో ఇచ్చిన అర్థంలో యజమాని కూడా ఉన్నాడు.

మంచి సంగతేమిటంటే, ఈ పరీక్షకు కోర్సు చేసి ఉండాలని గానీ, ఏసీ కంపెనీలో ఉద్యోగం ఉండాలని గానీ లేదు. ఒకసారి పాసైతే కార్డుకు గడువు ఉండదు. పరీక్షను ఈపీఏ నేరుగా పెట్టదు. ఎస్కో ఇన్‌స్టిట్యూట్, మెయిన్‌స్ట్రీమ్ ఇంజనీరింగ్ లాంటి ఆమోదం పొందిన సంస్థలు పెడతాయి. ఫీజు సంస్థను బట్టి మారుతుంది. కట్టే ముందు రీటేక్, కార్డు ముద్రణ అందులోనే కలిసున్నాయా అన్నది చూసుకోవాలి.

పరీక్షలో నాలుగు భాగాలుంటాయి. అందరికీ ఉమ్మడిగా ఉండే కోర్, తర్వాత పరికరాల రకాన్ని బట్టి టైప్ 1, టైప్ 2, టైప్ 3. ఒక్కో భాగానికి 25 ప్రశ్నలు, ఒక్కోదాంట్లో 18 సరిగ్గా రాస్తే పాస్. నాలుగూ పాసైతే యూనివర్సల్. ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు.

సరదాగా చేసేవాళ్ళను అందరూ ముందు తోసేది ఇంట్లో కూర్చుని పుస్తకం చూస్తూ రాసే టైప్ 1 వైపు. ఇందులో రెండు మెలికలున్నాయి. పుస్తకం చూసి రాస్తున్నారు కాబట్టి పాస్ మార్కు 70 శాతం కాదు, 84. అంటే 25కి 21 రావాలి. రెండోది అసలైన దెబ్బ: అలా రాసిన కోర్ తర్వాత యూనివర్సల్‌కు పనికిరాదు. పర్యవేక్షకుడు చూస్తుండగా మొదటినుంచీ మళ్ళీ రాయాల్సిందే.

టైప్ 1 దేనికి సరిపోతుంది? ఫ్యాక్టరీలోనే సీలు చేసి, 5 పౌండ్లు లేదా అంతకన్నా తక్కువ గ్యాస్ పట్టే వాటికి. ఫ్రిజ్, ఫ్రీజర్, విండో ఏసీ, డీహ్యుమిడిఫయర్ ఈ లెక్కలోకి వస్తాయి. మినీ స్ప్లిట్ (లోపలి, బయటి యూనిట్లు విడిగా ఉండే ఏసీ) రాదు. అందులో మూడు పౌండ్ల గ్యాసే ఉన్నా, పైపులను ఇంటి దగ్గర కలుపుతారు గనుక అది టైప్ 2. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. గరాజ్‌లో మినీ స్ప్లిట్ పెట్టుకోవాలనే ఆలోచన ఏ మూలో ఉన్నా సరే, పర్యవేక్షణలో రాసే పరీక్షకే నేరుగా వెళ్ళాలి. పెద్ద భవనాలను చల్లబరిచే చిల్లర్ల కోసం ఉన్న టైప్ 3 ఇంటివాళ్ళకు జన్మలో అక్కరకు రాకపోవచ్చు గానీ, కూర్చున్నాక ఇంకో 25 ప్రశ్నలే కదా.

ఇక పరీక్షలో సరుకు ఎంత? రికవరీ, అంటే పాత గ్యాస్‌ను వదిలేయకుండా సిలిండర్‌లోకి తీసుకోవడం, వరకు నిజంగా బాగుంది. మన ఊళ్ళలో కొందరు మెకానిక్‌లు పాత గ్యాస్‌ను గాల్లోకి వదిలేసి కొత్తది నింపడం చూసి పెరిగినవాళ్ళకు ఈ భాగం కొత్తగా ఉంటుంది. 1993 నవంబర్ 15 తర్వాత తయారైన రికవరీ మెషిన్‌తో చిన్న ఫ్రిజ్ నుంచి గ్యాస్ తీస్తే, కంప్రెసర్ నడుస్తుంటే 90 శాతం, చచ్చిపోయి ఉంటే 80 శాతం బయటికి రావాలి. లేదా 4 అంగుళాల పాదరసపు వాక్యూమ్‌కు లాగాలి. కంప్రెసర్ చచ్చిన ఫ్రిజ్‌లో గ్యాస్ కొంత నూనెలో కరిగి ఉండిపోతుంది. అందుకే కంప్రెసర్‌ను వేడిచేసి, రబ్బరు సుత్తితో తట్టి వదిలించాలి. గ్యాస్ తీయడానికి పైపుకు గుచ్చే వాల్వును పని అయ్యాక అలాగే వదిలేయకూడదు, నెమ్మదిగా లీకవుతుంది. ఇవన్నీ ప్రశ్నల్లో వస్తాయి, పనిలోనూ వస్తాయి.

సిలిండర్ లెక్క బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవాలి. రికవరీ సిలిండర్ బూడిద రంగులో ఉండి పైభాగం పసుపుగా ఉంటుంది. దాన్ని 80 శాతానికి మించి నింపకూడదు. మెడ దగ్గర నీటి కెపాసిటీ 26.2 పౌండ్లు, ఖాళీ బరువు 17 పౌండ్లు అని ఉందనుకుందాం. 26.2లో 80 శాతం సుమారు 21. తూకం 38 చూపగానే ఆపేయాలి. మించితే ఎండకు ద్రవం వ్యాకోచించి సిలిండర్ పగిలే ప్రమాదం. ఆర్-410ఏ తీయాలంటే 400 పీఎస్‌ఐ రేటింగ్ ఉన్న సిలిండర్ కావాలి. ఒకసారి వాడి పారేసే సిలిండర్‌లో తిరిగి నింపడం ఎప్పుడూ తప్పే. లీక్ టెస్టుకు నైట్రోజన్ వాడాలి, అదీ రెగ్యులేటర్ పెట్టి. ఆక్సిజన్ వాడితే లోపలి నూనెతో కలిసి పేలుతుంది.

మార్కులు పోయేది ఎక్కువగా అంకెలు కలగాపులగం కావడం వల్ల. 80, 90 తారుమారవుతాయి. వాక్యూమ్‌ను కొలిచే అంగుళాలూ మైక్రాన్లూ కలిసిపోతాయి. గ్యాస్ వదిలేయడంపై నిషేధం ఓజోన్‌ను పాడుచేసే సీఎఫ్‌సీ, హెచ్‌సీఎఫ్‌సీలకు 1992 జూలై 1న, హెచ్‌ఎఫ్‌సీల వంటి ప్రత్యామ్నాయాలకు 1995 నవంబర్ 15న వచ్చిందన్నది మర్చిపోతారు. 2018కి ముందు అచ్చయిన ప్రాక్టీస్ ప్రశ్నలతో చదివితే హెచ్‌ఎఫ్‌సీల దగ్గర తప్పు జవాబులు నేర్చుకుంటారు.

లోపం గురించి చెప్పాలంటే, ఈ పరీక్ష చేతిపని ఏమీ నేర్పదు. పైపు అతికేటప్పుడు లోపల మసి పట్టకుండా నైట్రోజన్ పారించడం, సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ అనే ఉష్ణోగ్రత తేడాలు చూసి గ్యాస్ సరిచేయడం కార్డు వచ్చాక విడిగా నేర్చుకోవాల్సినవే. వాక్యూమ్ లాగడమూ అంతే. 500 మైక్రాన్లకు లాగి, పంపు ఆపి కాసేపు చూడాలి. కొంత పైకి వెళ్ళి అక్కడే ఆగిపోతే లోపల తేమ ఉన్నట్టు. ఆగకుండా పైకే పోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. మామూలుగా ఒత్తిడి చూసే మానిఫోల్డ్ గేజ్‌లో ఈ తేడా కనపడదు, మైక్రాన్ గేజ్ కొనాల్సిందే. పరీక్ష ఫీజు కన్నా సామాన్లకే ఎక్కువ అవుతుంది: రికవరీ మెషిన్, సిలిండర్, తూకం, వాక్యూమ్ పంపు, గేజ్‌లు.

కారు ఏసీ కోసమే అయితే ఇది రాయక్కర్లేదు. దానికి 609వ సెక్షన్ పరీక్ష వేరే ఉంది, పుస్తకం చూసి రాసేదే, చాలా తేలిక. 609 కార్డు మీద ఇంటి ఏసీకి ఆర్-410ఏ మాత్రం ఇవ్వరు. ఇంటి ఫ్రిజ్‌లలో వచ్చే ఆర్-600ఏను గాల్లోకి వదలడంపై నిషేధం లేదు. కానీ అది మంటపట్టే ఐసోబ్యూటేన్. మూసిన గదిలో, పక్కన పైపులు అతికే గ్యాస్ టార్చ్ మండుతుండగా వదిలితే చట్టం అడ్డుపడకపోయినా నిప్పు ఊరుకోదు. కార్డు ఉందని పక్కింటివాళ్ళ ఏసీకి డబ్బు తీసుకుని చేయడం కూడా కుదరదు. చాలా రాష్ట్రాల్లో అందుకు కాంట్రాక్టర్ లైసెన్సు వేరే ఉండాలి.

ఇన్ని చూశాక కూడా సిఫార్సు యూనివర్సల్‌కే, పర్యవేక్షణలో, ఒక్క విడతలో. కార్డు చేతికి రాగానే రెండు వైపులా ఫోటో తీసి, పరీక్ష పెట్టిన సంస్థ పేరుతో సహా భద్రపరచుకోవాలి. పాసైనవాళ్ళ జాబితా ఈపీఏ దగ్గర ఉండదు. కార్డు పోతే ఇంకోటి ఇవ్వాల్సింది ఆ సంస్థే.