సైనిక్‌పురి పాముల దుకాణం: పెంపకం మెచ్చుకోదగ్గది, లోపం కాగితాల్లోనే

సైనిక్‌పురి వైపు విదేశీ పెంపుడు జంతువులు అమ్మే ఒక దుకాణానికి మా చెల్లెలి కొడుకుతో కలిసి వెళ్లాను. వాడికి బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువను పెంచాలని చాలాకాలంగా కోరిక. డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి, కొనేముందు ఒకసారి చూసి చెప్పమని చెల్లెలు నన్ను తోడు పంపింది. దుకాణం పేరు రాయడం లేదు. నేను ఎత్తిచూపిన లోపాన్ని సరిదిద్దుకుంటానని యజమాని మాట ఇచ్చారు, ఆ అవకాశం ఆయనకు ఇవ్వాలి.

పాముల సంరక్షణలో మాత్రం ఆ దుకాణానికి నిండు మార్కులు వేస్తాను. ప్రతి పెట్టెకూ ఒక అట్ట తగిలించి ఉంది. చివరిసారి మేత ఎప్పుడు పెట్టారో, ఎలుక బరువు ఎంతో, కుబుసం ఎప్పుడు విడిచిందో అందులో రాసి ఉంది. మేము చూసిన పిల్ల విడిచిన కుబుసాన్ని అడిగి చేతిలోకి తీసుకున్నాను. మూతి దగ్గర నుంచి తోక కొస దాకా ఎక్కడా చిరగకుండా ఒకే ముక్కగా ఊడింది. కళ్ల మీది పారదర్శకమైన పొరలు రెండూ దానితోనే వచ్చేశాయి. పెట్టెలో తేమ చాలకపోతే కుబుసం పేలికలుగా ఊడుతుంది, కంటి పొర అక్కడే అతుక్కుపోతుంది. ఆ పిల్ల పొలుసుల సందుల్లో నల్లని చిన్న పురుగులు లేవు, ఊపిరిలో గురక లేదు.

పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీలు, రెండో పక్క 26. పాము తనకు కావలసిన వేడిని తానే వెతుక్కునే వీలుండాలి కాబట్టి ఈ తేడా అవసరం. మన హైదరాబాద్‌లో మే నెల ఎండలకు కరెంటు పోతే ఏం చేస్తారని అడిగాను. ఏసీకి విడిగా పెట్టిన ఇన్వర్టర్ చూపించారు. పెట్టె మూతకు తాళం తప్పనిసరని మావాడికి ఆయనే గట్టిగా చెప్పడం నచ్చింది. బాల్ పైథాన్‌కు విషం లేదు, కానీ దాని గోధుమరంగు మచ్చలు చూసి అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా రక్తపింజర అనుకుంటే కర్ర తీసుకుంటారు.

మేము ఉండగానే ఒకాయన వచ్చి రెండు తలల పాము దొరుకుతుందా అని గొంతు తగ్గించి అడిగాడు. గుప్తనిధుల పిచ్చితో ఆ అమాయకపు జీవిని లక్షలకు బేరం పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. యజమాని కూర్చోమని కూడా అనలేదు. "మన దేశపు పాము ఏదీ ఇక్కడ దొరకదు. ఇంట్లో పెట్టుకోవడం నేరం, బయలుదేరండి" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది.

అంత తెలిసిన మనిషి కాగితాల దగ్గరికి వచ్చేసరికి తడబడ్డారు. పిల్ల ధర 25,000 రూపాయలు. దానితో ఇస్తామన్నది వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేయించిన అఫిడవిట్. ఈ పాము మన దేశంలోనే పెంపకంలో పుట్టిందని అందులో రాసి ఉంది. దీన్నే పర్మిట్ అంటున్నారు. అమ్మేవాడు తన గురించి తాను రాసుకున్న మాట పర్మిట్ ఎలా అవుతుంది?

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దానితో సైటీస్ అనుబంధాల్లోని ఇలాంటి జంతువులు ఆ చట్టం నాలుగో షెడ్యూలులోకి చేరాయి. వాటిని ఉంచుకున్నా, చేతులు మార్చినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలని 49ఎం సెక్షన్ చెబుతోంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం, జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేశ్ పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

"2020లో మినహాయింపు ఇచ్చారు కదా మేడమ్" అన్నారు యజమాని. ఆ ఏడాది జూన్‌లో కేంద్రం ఇలాంటి విదేశీ జంతువులు ఉన్నవారి కోసం స్వచ్ఛంద వెల్లడి పథకం పెట్టిన మాట నిజమే. ఆరు నెలల్లోగా ప్రకటించినవారిని పాత పత్రాలు అడగబోమన్నారు. ఆ వెసులుబాటు అప్పుడు తమ దగ్గరున్న జంతువులను అప్పుడే ప్రకటించినవారికి. ఈ పిల్ల నిరుడు పుట్టింది. దీని తల్లిదండ్రులను ఆనాడు ప్రకటించి ఉంటే ఆ ధ్రువపత్రం చూపండి, ఈ పిల్ల మీ పేరున నమోదైన కాగితం చూపండి, మావాడి పేరుకు మార్చినట్టు నమోదు చేయండి అన్నాను. ఆయన దగ్గర మొదటిది ఉంది, తెచ్చి చూపించారు కూడా. మిగిలిన రెండూ లేవు.

దుకాణంలో పనిచేసే కుర్రాడు "ఇవన్నీ ఎవరూ అడగరు మేడమ్" అన్నాడు. నాకు కోపం వచ్చింది. టోగో, బెనిన్, ఘనాల నుంచి ఈ పాములు ఏళ్ల తరబడి ఎగుమతి అవుతున్నాయి. అడవిలో గుడ్లతో ఉన్న ఆడపాములను పట్టి తెచ్చి, పుట్టిన పిల్లలను పంపే పద్ధతి అక్కడ ఉంది. దొంగదారిన వచ్చిన పిల్లనూ ఇక్కడ శ్రద్ధగా పెంచిన పిల్లనూ పక్కపక్కన పెడితే నేను కూడా తేడా చెప్పలేను. తేడా చెప్పేది ఆ నమోదు సంఖ్య ఒక్కటే. ఇంత బాగా పాములను చూసుకునే మనిషే ముందుగా దాన్ని పట్టుబట్టి అడగాలి.

అదే వరుసలో ఉన్న కార్న్ స్నేక్ సంగతి వేరు. అది సైటీస్ జాబితాలో లేదు కాబట్టి ఈ నమోదు దానికి వర్తించదు. విదేశం నుంచి తెచ్చిందైతే మాత్రం దిగుమతి లైసెన్సు ఉండాలి. గోడ మీద "అన్ని పాములకూ పర్మిట్ ఉంది" అని ఒకే బోర్డు పెట్టడం కొనేవారిని తికమక పెడుతుంది, దాన్ని తీసేయమన్నాను.

అడ్వాన్సు ఇవ్వలేదు. మావాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, "నమోదు అయ్యాకే తెచ్చుకుందాం పెద్దమ్మా, ముప్పై ఏళ్లు బతికే పామును దాచిపెట్టి పెంచలేను" అన్నాడు. యజమాని ఆ పిల్లను మాకోసం పక్కన పెడతానన్నారు, మా ముందే పోర్టల్ తెరిచి దరఖాస్తు మొదలుపెట్టారు.

సంరక్షణకు ఐదుకు ఐదు, పత్రాలకు రెండు. వెళ్లేవారు మేత రాసిన అట్టనూ నమోదు పత్రాన్నీ రెండింటినీ అడిగి చూడండి. మంగళవారం సెలవు. స్కూటర్ పెట్టుకోవడానికి చోటు ఉంది, కారుకు లేదు.